"క్యాబిన్‌కీ ట్రెక్కింగ్‌కీ ఒకటే బ్యాగు" అని రాసి ఉంటే కొనేముందు ఆగండి

కొండలకు వెళ్దామని బ్యాక్‌ప్యాక్ వెతుక్కుంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. "45 లీటర్లు, క్యాబిన్ సైజు (అంటే విమానంలో మనతోపాటే లోపలికి తీసుకెళ్లగలిగేది), వాటర్‌ప్రూఫ్" అన్న ప్రకటన నమ్మి ఆన్‌లైన్‌లో 3,800 రూపాయలకు ఒక బ్యాగు కొన్నాను. నేను పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకూడదనే రాస్తున్నాను.

జులై చివర్లో తమ్ముడూ నేనూ హైదరాబాద్ నుంచి విమానంలో డెహ్రాడూన్ వెళ్లి, అక్కణ్ణుంచి జోషీమఠ్ మీదుగా ఉత్తరాఖండ్ కొండల్లోని పూలలోయ వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కు బయల్దేరాం. బ్యాగు ఎలాగూ క్యాబిన్‌దే కదా అని కౌంటర్ దగ్గర ఆగకుండా నేరుగా గేటుకు వెళ్లాను. అక్కడ కొలత చట్రంలో పెట్టమన్నారు. మన దేశీయ విమానాల్లో మామూలుగా చెప్పే కొలత 55×35×25 సెంటీమీటర్లు, బరువు 7 కిలోలు. నా బ్యాగు సగం కూడా దిగలేదు. గేటు దగ్గర డబ్బు కట్టి లగేజీలోకి పంపాల్సి వచ్చింది. పవర్‌బ్యాంకు లగేజీలో పంపకూడదు కాబట్టి, వెనక జనం నిలబడి ఉండగా నేల మీద బ్యాగు మొత్తం విప్పి దాన్ని వెతికాను. ఆ టెన్షన్‌లో మాత్రల డబ్బా తీసుకోవడం మర్చిపోయాను.

ఇంటికొచ్చాక టేపు పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. ప్రకటనలో రాసిన 54 సెంటీమీటర్లు ఖాళీ బ్యాగుకి, అదీ పైమూత వదిలేసి. సామాను నింపి మూత బిగిస్తే ఎత్తు 63. ఖాళీ బ్యాగు బరువే 1.9 కిలోలు. అంటే 7 కిలోల్లో మనకు మిగిలేది 5.1.

కొండ మీద ఇంకా కష్టమైంది. బండ్లు వెళ్లే దారి ఆగిపోయే పుల్నా నుంచి, లోయకు ముందు బస చేసే ఊరు ఘాంగరియాకు దాదాపు 10 కిలోమీటర్ల ఎక్కుడు. మంచి ట్రెక్కింగ్ బ్యాగులో బరువులో ఎక్కువ భాగం నడుము బెల్టు ద్వారా తుంటి ఎముకల మీదికి దిగాలి. దీని బెల్టు మెత్త లేని పలుచని పట్టీ. నడుముకు కాకుండా పొట్ట మీదికి వచ్చి కూర్చుంది. బరువంతా భుజాల మీదే పడింది. రెండో గంటకే మెడ పట్టేసింది.

మధ్యలో వాన పట్టుకుంది. బట్టకు పూత ఉంది, నిజమే. కానీ కుట్ల మీద నీళ్లు దిగకుండా అంటించే టేపు లేదు, జిప్పు మామూలుది. నీళ్లు ఆ రెండు దారుల్లో లోపలికి వచ్చేశాయి. 3,000 మీటర్ల ఎత్తులో రాత్రి వేసుకోవాల్సిన ఉన్ని బట్టలు తడిసిపోవడమంటే ప్రాణం మీదికి వచ్చే విషయం. తమ్ముడు తన బ్యాగు లోపల మందపాటి చెత్త కవర్ వేసి అందులో బట్టలు సర్దుకున్నాడు. వాడి స్వెటర్ ఇవ్వబట్టి ఆ రాత్రి గడిచింది. దిగేటప్పుడు భుజం పట్టీ కుట్టు ఊడింది. పుల్నా దాకా తాడుతో కట్టుకుని మోశాను.

కంపెనీకి ఫొటోలు పంపితే "వాడకం వల్ల అరుగుదల, వారంటీ వర్తించదు" అన్నారు. ఒక్క ప్రయాణానికే అరుగుదలా? వాపసు గడువు 7 రోజులేనట. నేను నెల ముందే కొని అటక మీద పెట్టాను. మీరు ఆ పొరపాటు చేయకండి. బ్యాగు వచ్చిన రోజే, ట్యాగు తెంపకముందే, ఇంట్లో ఉన్న బట్టలతో నింపి కొలవండి. 8 కిలోల బియ్యం పెట్టి ఓ అరగంట మెట్లు ఎక్కి దిగండి. బెల్టు తుంటి మీద నిలుస్తోందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. వీలైతే దుకాణానికి వెళ్లి కొనండి. మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు దాకా మీ వీపు పొడవు కొలిచి, దానికి సరిపోయే సైజు అడగండి. లీటర్ల కన్నా ఆ కొలతే ముఖ్యం.

అసలు ట్రెక్‌కు క్యాబిన్ బ్యాగే ఎందుకని కూడా ఆలోచించండి. ట్రెక్కింగ్ కర్రలు, చాకు క్యాబిన్‌లోకి రానివ్వరు కాబట్టి ఏదో ఒకటి లగేజీలో వేయక తప్పదు. మామూలు టికెట్‌లో 15 కిలోల దాకా ఎలాగూ ఉంటుంది. అందుకని కొండలకు 50 లీటర్ల గట్టి ఫ్రేమ్ బ్యాగు తీసుకుని కౌంటర్‌లో ఇచ్చేయడమే నయం. ఊళ్లు తిరగడానికి, ఆఫీసు పనికి 30-35 లీటర్లది, సూట్‌కేసులా పూర్తిగా తెరుచుకునేది, కిలోకు అటూఇటూ బరువున్నది చాలు. రెండు కొనే స్తోమత లేకపోతే ఊరి బ్యాగు కొనుక్కుని, ట్రెక్ బ్యాగు నడక మొదలయ్యే ఊళ్లో అద్దెకు దొరుకుతుందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

కొనేటప్పుడు ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నేను కొన్న పేజీలో ఇప్పుడు "వాటర్‌ప్రూఫ్" అన్న మాట లేదు, "వానను తట్టుకుంటుంది" అని మార్చేశారు. పాత పేజీ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది కాబట్టే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించగలిగాను. ఇంకా జవాబు రాలేదు.