ట్రయల్‌లో "మొదటి రెండు అక్షరాలు దొరికాయి" అని చూపిస్తే నమ్మకండి, డబ్బు కట్టకండి

ఒళ్లు మండిపోతూనే ఉంది, అయినా ఇప్పుడే రాసేస్తున్నాను. ఈ రాత్రి ఇంకెవరో మర్చిపోయిన పాస్‌వర్డ్ వెతికిపెడతాననే ఇదే సాఫ్ట్‌వేర్‌కి కార్డు నంబర్ ఇవ్వబోతూ ఉంటారు. వాళ్లు ముందు ఇది చదవాలి.

ఏ సాఫ్ట్‌వేరో విడిగా చెప్పక్కర్లేదు. ఎక్సెల్ పాస్‌వర్డ్ మర్చిపోయి వెతికిన ప్రతివాళ్లకీ అన్నిటికంటే పైన ప్రకటనగా కనిపించేదే. ఆకుపచ్చ ముద్ర, అందులో "100 శాతం గ్యారంటీ".

మా సంఘం లెక్కలన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉన్నాయి. పాత కోశాధికారి దానికి పాస్‌వర్డ్ పెట్టారు, ఇప్పుడు ఆవిడకే గుర్తు రావడం లేదు. ఆడిట్ దగ్గర పడింది. ట్రయల్ దింపి ఫైల్ ఇచ్చాం. కొద్ది నిమిషాల్లోనే గంట మోగినట్టు శబ్దం, తెర మధ్యలో ఒక పెట్టె: "పాస్‌వర్డ్ దొరికింది". అందులో ఎమ్, ఏ అనే రెండు అక్షరాలు, వాటి పక్కన ఆరు నల్ల చుక్కలు. కింద పెద్ద బటన్, మొత్తం చూడాలంటే లైసెన్స్ కొనమని. ఆవిడ ఎప్పుడూ వాడే పదం కూడా ఎమ్‌తోనే మొదలవుతుంది. వెంటనే డబ్బు కట్టేశాం.

లైసెన్స్ కీ కొట్టగానే ఆ చుక్కలు అక్షరాలుగా మారాలి కదా. దొరికిందని చెప్పింది వాళ్లే. మారలేదు. పెట్టె మాయమైంది, ప్రోగ్రెస్ బార్ మళ్లీ సున్నా నుంచి మొదలైంది. రాత్రంతా నడిచి పొద్దున్నే ఏం చెప్పిందో తెలుసా? "మీ పాస్‌వర్డ్ ఈ డిక్షనరీలో లేదు. ప్రొఫెషనల్ ఎడిషన్‌కి మారండి."

చాట్‌లోకి వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. నిన్న చూపించిన ఎమ్, ఏ ఎక్కడికి పోయాయి? అటువైపు మనిషి చాలాసేపు టైప్ చేస్తున్నట్టు కనిపించింది. చివరికి వచ్చిన జవాబు: "ట్రయల్‌లో కనిపించేవి నమూనా అక్షరాలు. ఫలితం ఎలా ఉంటుందో చూపించడానికి మాత్రమే." నమూనా అట! నా ఫైల్ పేరు పైన రాసి, "దొరికింది" అని పెట్టి, కింద వాళ్లకి తోచిన అక్షరాలు వేసి, దాన్ని నమూనా అంటారా? మరి నా డబ్బు వెనక్కి ఇవ్వండి అన్నాను. "మేము అమ్మేది సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డ్ కాదు. మీ పాస్‌వర్డ్ కష్టంగా ఉంటే మాకు సంబంధం లేదు." నేను ఇంకా రాస్తూనే ఉన్నాను, చాట్ మూసేశారు. నిన్న బటన్ పక్కన ఇదే మనుషులు "మీ డేటా మాకు ప్రాణం" అని రాసుకున్నారు.

అప్పుడు ఇంకో పరీక్ష చేశాను. కొత్తగా ఖాళీ ఎక్సెల్ ఫైల్ ఒకటి తయారుచేసి, అంకెలు మాత్రమే ఉన్న పొడవాటి పాస్‌వర్డ్ పెట్టి, వేరే కంప్యూటర్లో అదే ట్రయల్‌కి ఇచ్చాను. అదే శబ్దం, అదే పెట్టె, "దొరికింది". మొదటి అక్షరం ఎస్, రెండోది ఏ! ఒక్క అక్షరం కూడా లేని పాస్‌వర్డ్‌లో ఎస్ ఎక్కడినుంచి వచ్చింది? పచ్చి మోసం. తెర మీద జరిగిందంతా వీడియో తీసి పెట్టుకున్నాను.

ఇది మోసమని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, ఈ సాఫ్ట్‌వేర్లు పనిచేసే తీరు తెలిస్తే ఎవరైనా ఇదే అంటారు. ఫైల్లో పాస్‌వర్డ్ ఎక్కడా రాసి ఉండదు. మనం టైప్ చేసిన దాన్ని హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని లెక్కతో వేరే విలువగా మార్చి, దానిలోంచి తాళంచెవి తయారుచేస్తారు. ఆఫీస్ 2010లో ఒక్కో పాస్‌వర్డ్‌కి ఆ హ్యాష్ 1,00,000 సార్లు తిరుగుతుంది. 2013 నుంచి కూడా అన్నేసార్లు, ఎస్‌హెచ్‌ఏ-512 అనే ఇంకా గట్టి హ్యాష్ పద్ధతితో తిరుగుతుంది. ఆ తాళంచెవితో ఫైల్లో దాచిన చిన్న పరీక్ష విలువ సరిపోతే ఫైల్ తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. ఒక్క అక్షరం తేడా ఉన్నా హ్యాష్ మొత్తం మారిపోతుంది. అంటే "రెండు అక్షరాలు సరిపోయాయి, మిగతావి వెతుకుతున్నాం" అనే మధ్య స్థితి అసలు ఉండదు. మొదటి రెండూ తెలిశాయంటే మొత్తం తెలిసినట్టే. నిజాయితీగా నడిచే సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో కొన్ని అక్షరాలే చూపించొచ్చు, కానీ డబ్బు కట్టిన మరుక్షణం మిగతావి కనపడాలి. మళ్లీ సున్నా నుంచి వెతకడం మొదలుపెడితే ముందు చూపించింది అబద్ధమే.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ చేసినా ఊహించడమే. డిక్షనరీ అంటే పదాల జాబితాలో ఒక్కొక్కటీ వేసి చూడటం. మాస్క్ అంటే మనకి గుర్తున్న రూపం చెప్పి దానిలోనే వెతికించడం. బ్రూట్ ఫోర్స్ అంటే అన్నీ వరసగా. ఎనిమిది ఇంగ్లీష్ చిన్న అక్షరాలకే 20,882 కోట్ల కలయికలు వస్తాయి. సెకనుకి 10,000 ఊహలు వేయగలిగే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉందనుకుందాం, అన్నీ చూడటానికి ఎనిమిది నెలలు. పెద్ద అక్షరాలు, అంకెలు కూడా కలిపితే అదే వేగంతో 690 ఏళ్లు. దీనికి 100 శాతం గ్యారంటీ ఎవరిస్తారు? ఆఫీస్ 97 నుంచి 2003 దాకా వాడిన 40 బిట్ల బలహీనమైన తాళం ఉన్న ఫైలైతే ఇవ్వొచ్చు, తాళంచెవులన్నీ వేసి చూడటం సాధ్యమే. ఇప్పటి ఫైళ్లకి ఆ మాట చెప్పేవాడు మోసగాడు.

కొన్నిటికి అసలు డబ్బే అక్కర్లేదు. ఫైల్ తెరుచుకుంటోంది కానీ షీట్‌లో మార్పులు చేయనివ్వడం లేదంటే అది ఎన్‌క్రిప్షనే కాదు, అంటే లోపలి డేటాకి తాళమే వేయలేదు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైల్ నిజానికి ఒక జిప్. కాపీ తీసుకుని విప్పి, ఆ షీట్‌కి సంబంధించిన ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే టెక్స్ట్ ఫైల్లో షీట్‌ప్రొటెక్షన్ అనే ట్యాగ్ తీసేసి మళ్లీ జిప్ చేస్తే సరి. పీడీఎఫ్ చదవగలుగుతున్నాం కానీ ప్రింట్ కావడం లేదంటే అది ఓనర్ పాస్‌వర్డ్, అదీ ఇంతే, వెతకాల్సిన పని లేదు. ఈ రెండు పనులకి లైసెన్స్ అమ్ముకునేవాళ్లని చూస్తే నాకు ఇంకా మండుతుంది.

నిజంగా తాళం వేసిన ఫైలైతే హ్యాష్‌క్యాట్, జాన్ ది రిప్పర్ అనే పాస్‌వర్డ్ వెతికే సాధనాలు ఉన్నాయి. రెండూ ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తుంది. జాన్‌తో వచ్చే ఆఫీస్‌2జాన్ అనే స్క్రిప్ట్ ఫైల్లోంచి హ్యాష్ మాత్రం బయటికి తీస్తుంది. ఎవరి సాయమైనా అడగాల్సి వస్తే ఆ హ్యాష్ ఇస్తే చాలు, లెక్కల ఫైల్ ఎవరి చేతికీ ఇవ్వకండి. మా కోశాధికారిగారికి పదం లీలగా గుర్తుంది, వెనక నాలుగు అంకెలు, మధ్యలో ఏదో గుర్తు ఉండొచ్చు అంటున్నారు. ఆ మాస్క్‌తో మా తమ్ముడి కంప్యూటర్లో ఇప్పుడు హ్యాష్‌క్యాట్ నడుస్తోంది. దొరుకుతుందో లేదో చూడాలి. దొరక్కపోతే అది "ఎగ్జాస్టెడ్", అంటే వేసి చూడాల్సినవన్నీ అయిపోయాయని, చెప్పి ఆగిపోతుంది. లేని ఎమ్, ఏ చూపించదు.

ఇంకో మాట. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటే అక్కడే ఆగిపోండి. ఇలాంటి సాధనాల్ని యాంటీవైరస్ అనుమానించడం మామూలే, నిజమే, కానీ పాస్‌వర్డ్లు దొంగిలించే ప్రోగ్రాములు కూడా సరిగ్గా ఆ సాకుతోనే లోపలికి వస్తాయి. కొనే తీరాలంటే ముందు మీకు తెలిసిన పాస్‌వర్డ్‌తో ఖాళీ ఫైల్ ఒకటి చేసి ట్రయల్‌కి ఇవ్వండి, ఏం చూపిస్తుందో చూడండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వాళ్లతో వాదన పెట్టుకునేముందే స్క్రీన్‌షాట్లు, రసీదు మెయిల్, చాట్ కాపీ దాచుకుని కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, ఆటో రెన్యువల్ ఉంటే ఆపించండి. మేము రెండోసారి చాట్ తెరిచేసరికి మా లైసెన్స్ కీ చెల్లదని వస్తోంది.