ఐదు రోజుల బీపీ, షుగర్ ట్రైనింగ్: రెండేళ్లు పనిలో పెట్టాక

ఏఎన్ఎంలు, స్టాఫ్ నర్సులు, పల్లె దవాఖాన డాక్టర్ల కోసం హనుమకొండలో పెట్టిన ట్రైనింగ్ ఇది. రెండేళ్లు గడిచాక చూస్తే స్లైడ్లు ఒక్కటీ గుర్తులేవు. చేతులతో చేయించినవి మాత్రం ఇంకా పనికొస్తున్నాయి.

అన్నిటికంటే మేలు బీపీ చూసే పూట. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాటలు బంద్. ఇదంతా తెలిసిందే కదా అంటారు. ఓపీ రద్దీలో మాత్రం ఎండలో నడిచొచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, జాకెట్ చెయ్యి మీదనే కఫ్ (చేతి పట్టీ) చుట్టేస్తాం. చెయ్యి కిందికి వేలాడితే రీడింగ్ పెరుగుతుంది. లావు చేతికి చిన్న కఫ్ కట్టినా అంతే. లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టుకోవాలి. ఒకే మనిషికి రెండు సైజుల కఫ్‌లు కట్టి తేడా చూపించారు. తీరా కిట్లలో పెద్ద కఫ్ ఇవ్వనే లేదు!

ఇన్సులిన్ క్లాసు ప్రాణాలు కాపాడేది. దవాఖానలో ఇచ్చే ఇన్సులిన్ సీసా, అంటే వయల్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్ను కార్ట్రిడ్జ్‌లో 100. పెన్ను చెడిపోయిందని ఆ 40 యూనిట్ల వయల్ కోసం చేసిన ఎర్రమూత సిరంజితో కార్ట్రిడ్జ్‌లోంచి లాగితే, 20 గీత దగ్గర ఉండేది 20 కాదు, 50 యూనిట్లు. నిల్వకు మాత్రం ఫ్రిజ్ ఒక్కటే చెప్పారు. ఫ్రిజ్ లేని ఇంట్లో, మే నెల ఎండల్లో? వయల్‌ని గట్టి మూత డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నీడన ఉంచమని చెప్పాలి. తెరిచిన వయల్ నాలుగు వారాలు దాటితే పారేయాలి.

అసలు లోటు ఫాలోఅప్‌లో ఉంది. బీపీ గోలీ ఆమ్లోడిపిన్ 5 ఎంజీతో మొదలుపెట్టడం, 140/90 కిందికి దిగకుంటే మందు పెంచే తర్వాతి మెట్టు ఎక్కడం బాగానే నేర్పారు. ఎక్కే ముందు మిగిలిన గోలీలు లెక్కపెట్టాలని మాత్రం ఎవరూ అనలేదు. “గోలీలు ఏస్కుంటున్నవా అవ్వా?” అంటే “ఏస్కుంటున్న బిడ్డా” అనే జవాబు వస్తుంది. “పోయిన వారంల ఎన్ని రోజులు మర్సిపోయినవ్?” అని అడిగితే నిజం బయటపడుతుంది. ముప్పై రోజులకు ముప్పై ఇస్తే తొమ్మిది మిగిలాయంటే, అక్కడ రెండో మందు పనేముంది? కొందరు కాళ్ల వాపుతో మానేస్తారు. ఆ వాపు ఆమ్లోడిపిన్‌తో వచ్చేదే కాబట్టి దాచకుండా డాక్టరుకు చెప్పమనాలి. పత్తి ఏరే రోజుల్లో తెల్లారకముందే చేనుకు పోతారు, పొద్దుటి గోలీ తప్పిపోతుంది. ఆమ్లోడిపిన్‌ను రాత్రి బువ్వ తిన్నాకకు మార్చితే సరిపోతుంది.

తిండి చార్టు అయితే నవ్వు తెప్పించింది. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ రాశారు. మామిడికాయ తొక్కు, మక్క గట్క ఊసే లేదు. రోజుకు 5 గ్రాముల ఉప్పు అంటే ఎవరికీ అందదు. “కిలో ప్యాకెట్ ఎన్ని రోజులొస్తది, ఎంతమంది తింటరు?” అని అడగండి. నలుగురికి నెల అయితే తలా రోజుకు 8 గ్రాములు దాటినట్టే. కొన్న తొక్కులో ఉప్పు దీనికి అదనం.

షుగర్ పేషెంట్ల పాదాల పరీక్ష పది నిమిషాల్లో ముగించారు. పాదానికి స్పర్శ తెలుస్తోందా అని చూసే నైలాన్ పోగు ఒంగేదాకా నొక్కాలి, ఆనెల మీద పెట్టకూడదు, పేషెంట్ కళ్లు మూసుకోవాలి. ఇరవై మందికి ఒకటే పోగు తిప్పితే అది మెత్తబడిపోతుంది. చివర్లో కూర్చున్నవాళ్లు నేర్చుకున్నది సున్నా.

అయినా వెళ్లండి. పోయేటప్పుడు మీ సెంటర్ బీపీ మిషన్ వెంట తీసుకెళ్లి, వాళ్ల మిషన్‌తో పోల్చి చూసుకోండి. బ్యాటరీలు మాత్రం కొత్తవి వేసుకుని పొండి.