జర్మన్ పాత పిస్టన్ పెన్నులు: తక్కువలో దొరికేవాటిల్లో రోజూ రాయడానికి ఏది మంచిది

రెండేళ్ళుగా నాకంటే వయసులో పెద్దవైన పెన్నులతో రాస్తున్నా. అద్దాల బీరువాలో పెట్టి చూసుకునే రకం కాదు, డైరీ, నోట్సు, లెక్కలు, సామాన్ల లిస్టు అన్నీ వాటితోనే. అన్నీ జర్మనీలో తయారైనవే, అన్నీ పిస్టన్‌తో ఇంకు నింపుకునే ఫౌంటెన్ పెన్నులే, 1950ల నుంచి 70ల లోపు సరుకు. పెద్ద పేరున్న పెన్ను కోసం వెతికేవాళ్ళకి ఇది పెద్దగా పనికిరాదని ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇది స్కూలు పిల్లలకీ ఆఫీసు గుమాస్తాలకీ అని చేసిన పెన్నుల సంగతి. నా మటుకు నాకు రోజువారీ రాతకి అవే సరైనవి అనిపించింది.

పిస్టన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, పెన్ను కడుపులో ఒక సిరంజి ఉందనుకోండి. వెనక మర తిప్పితే లోపలి సీలు కిందకి దిగుతుంది, నిబ్బుని ఇంకు సీసాలో ముంచి మరని వెనక్కి తిప్పితే సీలు పైకి పోతూ ఇంకుని లాక్కుంటుంది, అంతే. ఇంకుతో నిండి వచ్చే చిన్న గొట్టం, అదే కార్ట్రిజ్, ఉండదు, దాని బదులు పెట్టుకుని సీసాలోంచి నింపుకునే కన్వర్టర్ ఉండదు, పెన్ను ఒళ్ళంతా ట్యాంకే. మామూలు చిన్న కార్ట్రిజ్‌లో ముప్పావు మిల్లీలీటరు పడితే వీటిల్లో చాలావాటికి ఒక మిల్లీలీటరు పైనే పడుతుంది, రోజుకి మూడు నాలుగు పేజీలు రాసేవాళ్ళకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఈ పద్ధతిని జర్మనీలో ఇంటింటికీ చేర్చింది హానోవర్‌లో ఇంకులూ రంగులూ చేసుకునే పెలికాన్. 1929లో వాళ్ళ మొదటి ఫౌంటెన్ పెన్ను వచ్చింది, అందులో మెకానిజం థియోడర్ కోవాచ్ అనే ఇంజనీరుది, ఆయన దగ్గర పేటెంటు కొనుక్కున్నారు. అందులో గమ్మత్తేంటంటే వెనక మర బయటికి జరిగేది కొంచెమే, లోపల పిస్టన్ నడిచేది మాత్రం బోలెడు దూరం, అందుకే పొట్టి పెన్నులో కూడా అంత ఇంకు పడుతుంది. ఇంకు అమ్ముకునే కంపెనీ ఇంకు ఎక్కువ తాగే పెన్ను చెయ్యడం, వ్యాపారం అంటే అదీ మరి.

ఇక నా దగ్గరున్నవి. రోజూ చేతిలో ఉండేది పెలికాన్ 140. 1952 నుంచి 1965 దాకా చేశారు, ఆ రోజుల్లో పెద్దవాళ్ళు కొనుక్కునే 400 అనే మోడల్‌కి తమ్ముడు లాంటిది. ఆ 400 మీద నిలువు చారలుంటాయి, ఆ చారల వల్లే దానికి స్ట్రెసెమాన్ అనే ముద్దుపేరు కూడా ఉంది, ఆ పేరుగల జర్మన్ మంత్రిగారి చారల ప్యాంటుని బట్టి అలా పిలవడం మొదలైంది. 140 చారలదీ దొరుకుతుంది, ఒంటి రంగుదీ దొరుకుతుంది. నాది నల్లది, అదే చవకలో వచ్చింది. పెన్ను చిన్నది, జేబులో ఉన్నట్టే తెలీదు, మూత వెనక తగిలిస్తే మాత్రం చేతికి సరిగ్గా సరిపోయే పొడవు వస్తుంది. మూత తగిలించకుండా రాసేవాళ్ళకి, అరచెయ్యి పెద్దగా ఉన్నవాళ్ళకి పొట్టిగా అనిపిస్తుంది, అది లోపం అననుగానీ తెలిసి కొనుక్కోవాలి.

దాని నిబ్బు 14 కేరెట్ల బంగారం, మీద 585 అని ఉంటుంది. ఇప్పటి నిబ్బుల్లా మేకులా ఉండదు, కాస్త సాగుతుంది, నొక్కితే గీత వెడల్పవుతుంది. వీడియోల్లో జనం దాన్ని వంచి వంచి చూపిస్తుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది, ఎందుకంటే డెబ్భై ఏళ్ళ బంగారం ఒకసారి విచ్చుకుంటే మళ్ళీ దగ్గరకి రాదు. నొక్కక్కర్లేదు కూడా, ఊరికే కాగితం మీద నడిపిస్తే చాలు, ఆ మెత్తదనం చేతికి తెలుస్తుంది. మన అక్షరాలు గుండ్రాలు కదా, ఇంగ్లీషు కర్సివ్‌లో లాగా పై నుంచి కిందకి లాగే పొడుగు గీతలు మనకి తక్కువ, అందుకని సాగే నిబ్బు వల్ల తెలుగు రాతలో పెద్ద అందమేం రాదు, నునుపుగా తిరగడమే ముఖ్యం. నా ఎఫ్ (సన్న) నిబ్బుతో 'క్ష్మ', 'ష్ట్ర' లాంటివి రాసినా ఒత్తు ఒత్తులా కనిపిస్తుంది. బి (వెడల్పు) నిబ్బుతో అయితే ఆ ఒత్తులు మురికి చుక్కల్లా తయారవుతాయి, నేను ఒకటి కొని పక్కన పెట్టేశా.

నిబ్బుల మీద అక్షరాలు చూసి కొనండి. ఎఫ్ సన్నది, ఎమ్ మధ్యరకం, బి వెడల్పు. ఓఎమ్, ఓబి అని ముందు ఓ ఉంటే అది ఏటవాలుగా కోసిన నిబ్బు, పెన్నుని కొంచెం పక్కకి తిప్పి పట్టుకుంటేనే రాస్తుంది, తెలీకుండా కొన్నవాళ్ళు గీరుకుంటోంది, పాడైపోయిందని తిట్టుకుంటుంటారు, పాపం నిబ్బు తప్పేం లేదు. డి అని ఉంటే కార్బన్ పేపరు పెట్టి నొక్కి రాయడానికి చేసిన గట్టి నిబ్బు, ఇదివరకు బిల్లులు రాసేవాళ్ళ కోసం. బంగారమైనా సరే దాంట్లో మెత్తదనం ఆశించొద్దు. చెయ్యి బరువుగా ఉండి నొక్కి రాసేవాళ్ళకి మాత్రం డి భలే ఉంటుంది, పైగా దాన్ని ఎవరూ అడగరు కాబట్టి చవగ్గా వస్తుంది.

రెండోది గేహా స్కూలు పెన్ను. గేహా కూడా హానోవర్ కంపెనీయే, హార్ట్‌మాన్ సోదరులు 1918లో పెట్టారు, జర్మన్‌లో 'సోదరులు', 'హార్ట్‌మాన్' అనే రెండు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. పెలికాన్‌కి పక్కనే ఉన్న పోటీదారు, చివరికి 1990లో పెలికానే దాన్ని కొనేసింది. నిజం చెప్పాలంటే నాకు 140 కంటే ఇదే ఎక్కువ ఇష్టం, కారణం ఒక్కటే, నిబ్బు కింద ఫీడ్ (నిబ్బుకి ఇంకు అందించే భాగం) దగ్గర చిన్న ఆకుపచ్చ బటన్ ఉంటుంది. రాస్తూ రాస్తూ ఇంకు అయిపోయిందనుకోండి, ఆ బటన్ నొక్కితే లోపల విడిగా దాచి ఉంచిన కొంచెం ఇంకు దిగుతుంది. బైకులో రిజర్వ్ తిప్పినట్టు! పరీక్ష మధ్యలో ఇంకైపోయే పిల్లాడి కష్టం తెలిసినవాడెవడో ఆలోచించిన సంగతది. ఇప్పుడు అంతంత పెట్టి కొనే కొత్త పెన్నుల్లో ఈ ఏర్పాటు కనిపించదు. గేహా మోడళ్ళన్నిటికీ ఈ బటన్ ఉండదు కాబట్టి కొనేముందు నిబ్బు కింది వైపు ఫోటో అడగండి. స్టీలు నిబ్బువి, బంగారు నిబ్బువి రెండూ దొరుకుతాయి, నాది స్టీలే, అది కూడా కొత్త పెన్నులకేం తీసిపోదు.

స్టీలు అంటే మొహం చిట్లించేవాళ్ళకి ఒక మాట. 1930ల చివర్లో జర్మన్ ప్రభుత్వం బంగారం మీద ఆంక్షలు పెట్టాక అక్కడి కంపెనీలు స్టీలు నిబ్బులు చెయ్యక తప్పలేదు, పెలికాన్ నిబ్బుల మీద సిఎన్ అని క్రోమ్-నికెల్ గుర్తు అప్పటిదే. యుద్ధం తర్వాత బంగారం తిరిగొచ్చినా స్కూలు పెన్నులకి స్టీలే ఉండిపోయింది. కాగితానికి తగిలేది ఎలాగూ బంగారం కాదు, చివరన అతికించిన గట్టి లోహపు గుండు. స్టీలుకి పాత పెన్నుల్లో ఉన్న అసలు ఇబ్బంది వేరే, పైన పూసిన బంగారం పూత పోతే తుప్పు పడుతుంది. ఫోటోని పెద్దది చేసి నిబ్బు చీలిక దగ్గర, బొక్క చుట్టూ చూడండి, గోధుమరంగు గుంటలుంటే వదిలెయ్యండి.

మూడోది రిఫార్మ్ 1745. తక్కువలో తక్కువ అంటే ఇదే. నల్ల మూత, ఆకుపచ్చ ఒళ్ళు, సన్నగా, చేతిలో బరువే లేనంత తేలిక. ఎక్కడో గోడౌన్లలో వాడకుండా మిగిలిపోయినవి ఇంకా అమ్మకానికి వస్తూనే ఉంటాయి, అంటే పాతదే కానీ ఇంకు ముఖం చూడనిది. మొదటిసారి పిస్టన్ పెన్ను ఎలా ఉంటుందో చూద్దాం అనుకునేవాళ్ళకి నేను దీన్నే చెప్తా. సన్న పెన్ను పడనివాళ్ళకి అరగంట రాస్తే వేళ్ళు నొప్పెడతాయి, అంతకుమించి దాని గురించి చెప్పేదేం లేదు, పని చేస్తుంది.

నాలుగోది పెలికాన్ 120, దీని దగ్గర కొంచెం జాగ్రత్త. 1950ల మధ్యలో స్కూళ్ళ కోసం వచ్చిన పెన్ను, 140 లాంటిదే, కాకపోతే నిబ్బు స్టీలు మీద బంగారు పూత. అది 1965 ప్రాంతంలో ఆగింది. మళ్ళీ 1970ల్లో అదే పేరుతో మెర్జ్ అండ్ క్రెల్ అనే కంపెనీ పెలికాన్ కోసం చేసిపెట్టింది, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, విడిభాగాలు మాత్రం ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయని లెక్కేసుకోవద్దు. పాతదాంట్లో నిబ్బు మర తిప్పి ఊడదీసుకోవచ్చు, కడగడానికి ఎంత సుఖమో. నేను కొన్నది పాతదే. రెండూ రాస్తాయి, పేరు ఒకటే కదా అని మాత్రం ఒకే ధర పెట్టకండి.

మోంట్‌బ్లాంక్ అనే ఖరీదైన జర్మన్ కంపెనీ గురించి అందరూ అడుగుతారు. వాళ్ళు కూడా 50లు, 60ల్లో చవక రకాలు చేశారు, మోంటెరోసా అని ఇంకో పేరుతో కూడా అమ్మారు. మంచి పెన్నులే, కానీ మూత మీద ఆ తెల్ల నక్షత్రం ఉంటే చాలు ధర నిచ్చెనెక్కుతుంది. అదే డబ్బుకి రెండు గేహాలొస్తాయి. కవేకో స్పోర్ట్ అని ఇంకో జర్మన్ పెన్ను, పాతది పిస్టన్‌తో వచ్చేది, ఇప్పుడు కొత్తగా అమ్మేవాటిల్లో ఎక్కువ కార్ట్రిజ్‌వే, పేరు చూసి కంగారుపడొద్దు.

ఇప్పుడు నా తెలివితక్కువ పని ఒకటి. మొదట్లో ఒక పెన్ను, ఏ కంపెనీదో వదిలెయ్యండి, 'పని చేస్తోంది' అని రాసి ఉంటే నమ్మి కొన్నా. వచ్చాక చూస్తే మర కదలదు. లోపల ఎండిపోయిన ఇంకు బంకలా పట్టేసింది. నేనేం చేశా, గుడ్డ చుట్టి గట్టిగా తిప్పా. టక్కుమంది. మర చేతిలోకొచ్చింది, పిస్టన్ లోపలే ఉండిపోయింది. అమ్మినవాడికి మెసేజ్ పెడితే నువ్వే విరగ్గొట్టావన్నాడు, అందులోనూ నిజం లేకపోలేదు. ఆ తర్వాత నేర్చుకున్నదేంటంటే, మర బిగుసుకుపోతే నిబ్బు వైపు చల్లటి నీళ్ళలో రెండు మూడు రోజులు నానబెట్టాలి, నీళ్ళు మారుస్తూ ఉండాలి, రోజుకోసారి మెల్లగా కదిపి చూడాలి, కదలకపోతే మళ్ళీ నీళ్ళలోకే. వేణ్ణీళ్ళు వద్దు, పాత నల్ల రబ్బరు భాగాలు గోధుమరంగుకి తిరుగుతాయి. స్పిరిట్ అసలు వద్దు, ఈ పెన్నుల్లో వాడిన సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ని తినేస్తుంది.

అందుకే అమ్మేవాళ్ళని ఇప్పుడు ఒక్కటే అడుగుతా, నీళ్ళు నింపి ఫోటో పెట్టండి అని. ఈ పెన్నుల్లో చాలావాటికి ఇంకు కనిపించే కిటికీ ఉంటుంది కాబట్టి నీళ్ళెక్కాయో లేదో తెలిసిపోతుంది. ఒక పూట అలాగే ఉంచి వెనక మర దగ్గర తడి వచ్చిందా చూడమంటా. వస్తే సీలు పోయినట్టే. 1950ల్లో కూడా కొంతమంది తయారీదారులు కార్కు సీలే వాడారు, అది ఎండితే కుంచించుకుపోతుంది, మార్చాల్సిందే. ప్లాస్టిక్ సీలున్నవి తీసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది, 140 అలాంటిదే.

ఒంట్లోనే ఇంకుండే పెన్నులకి ఒక గుణం ఉంది, ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని ముందుకి తోస్తుంది, అప్పుడు నిబ్బు దగ్గర హఠాత్తుగా చుక్క పడుతుంది. ఇది కారడం కాదు. కిటికీలో సగం కంటే కిందకొస్తే నింపేసుకోండి, అంతే.

ఇంకు విషయానికొస్తే నీళ్ళలో కరిగే రంగుతో చేసిన మామూలు డై ఇంకు ఏదైనా సరే. పెలికాన్ 4001 రాయల్ బ్లూ నాకు బాగా కుదిరింది, పొడిగా పారే ఇంకు కాబట్టి ఈ పాత ధారాళమైన ఫీడ్‌లని కాస్త అదుపులో పెడుతుంది. నీళ్ళు పడితే పోతుంది, అది తెలుసుకుని వాడండి. మెరుపుల ఇంకులు, బొమ్మలేసే ఇండియన్ ఇంకు వీటి దరిదాపుల్లోకి రానివ్వొద్దు, అవి గడ్డకట్టాక పైన చెప్పిన నానబెట్టుడు కార్యక్రమం కూడా పని చెయ్యదు.

ఇంకో చిన్న సంగతి, మర బిరుసుగా తిరుగుతుంటే సీలు చుట్టూ లోపలి గోడకి సిలికాన్ గ్రీజు రాయాలి, నిబ్బు ఊడొచ్చే పెన్నైతే అగ్గిపుల్లతో రాసెయ్యొచ్చు. ఆవగింజలో సగం చాలు. నేను మొదటిసారి ఉదారంగా ఆవగింజలు నాలుగైదు పట్టించా. మర వెన్నలా తిరిగింది, కాకపోతే గ్రీజంతా ఫీడ్‌లోకి దిగి పెన్ను నాలుగు రోజులు ఒక్క గీత గీస్తే ఒట్టు.