ఎనిమిదేళ్లు, నాలుగు పుస్తకాలు: ఎడిటింగ్ సర్వీసుల మీద నా సమీక్ష

నా మొదటి నవల 118వ పేజీలో ఒక పెద్దాయన కోపంగా లేచి, "పిలవని ఇంటికి మేము రఘు!" అంటాడు. అచ్చులో అలాగే ఉంది. నేను రాసింది "మేము రాము". కథలో రాము అనే కుర్రాడి పేరు రఘు అని మార్చమని ఆఖరి నిమిషంలో నేనే అడిగాను. ఎడిటింగ్ సంస్థవాళ్లు ఫైల్లో ఒక్క మీట నొక్కి రాములందర్నీ రఘులు చేసేశారు. కుర్రాడితో పాటు ఆ పెద్దాయన పౌరుషం కూడా మారిపోయింది. పుస్తకం చదివిన మిత్రులు ఇప్పటికీ నన్ను ఎక్కడికైనా పిలవాలంటే "మీరు వస్తారా, రఘునా?" అని అడుగుతారు.

ఆ సంస్థ పేరు చెప్పను. తప్పులో సగం నాదే. వాళ్లు "సమగ్ర ఎడిటింగ్" అన్నారు, నేను నమ్మి డబ్బు కట్టాను. ఆ సమగ్రంలో ఏముందో అడగలేదు. తీరా చూస్తే అక్షరదోషాలు దిద్దడం తప్ప ఏమీ లేదు. 240 పేజీల రాతప్రతి తిరిగొస్తే, పేజీల పక్కన ఒక్క ప్రశ్న లేదు. అప్పట్లో అది చూసి మురిసిపోయాను కూడా. ఎడిటర్‌కి నన్ను అడగాల్సింది ఏమీ లేదంటే నేను అంత బాగా రాశానన్నమాట అనుకున్నాను.

ఆ తర్వాత ఒక కథల సంపుటి, ఇంకో నవల, ఒక వ్యాసాల పుస్తకం వచ్చాయి. ఈ ఎనిమిదేళ్లలో ఒక సంస్థతో, ముగ్గురు విడి ఎడిటర్లతో పనిచేశాను. ఇప్పుడు ఎవరు ఫైలు తిప్పి పంపినా మొదట చూసేది దిద్దుబాట్లు కాదు, పక్కన రాసిన ప్రశ్నలు. అవి లేకపోతే నా పుస్తకాన్ని ఎవరూ చదవలేదని అర్థం చేసుకుంటాను.

రెండో పుస్తకానికి దొరికిన లైన్ ఎడిటర్ (వాక్యం వాక్యం చూసి చెక్కేవాళ్లు) గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆవిడ పని ఒప్పుకునే ముందే ఐదు పేజీలు నమూనాగా దిద్ది పంపారు. అందులో నా వాక్యం ఇది: "ఆమె తలుపు తీయడం జరిగింది. లోపల ఎవరూ లేకపోవడం అనేది ఆమెను తీవ్రంగా కలవరపరిచింది." ఆవిడ దాన్ని ఇలా చేశారు: "ఆమె తలుపు తీసింది. లోపల ఎవరూ లేరు." పక్కన ఒక వ్యాఖ్య: "కలవరం పాఠకుడికి వదిలేద్దామా?"

నాకు ఒళ్లు మండింది. కలవరపరిచింది అన్న మాట కోసం నేను పది నిమిషాలు ఆలోచించి ఉంటాను. మర్నాడు మళ్లీ చదివితే, ఖాళీ గది ముందు నిలబడ్డ ఆ మనిషి మొదటిసారి కనిపించింది. అంతకుముందు నేనే అడ్డంగా నిలబడి ఉన్నాను. సంపుటి మొత్తంలో "జరిగింది" 212 సార్లు ఉందని కూడా ఆవిడ లెక్కపెట్టి పంపారు. వాటిలో నిజంగా ఏదో జరిగినవి పాతిక ఉండవు. చెప్పడం జరిగింది, వెళ్లడం జరిగింది, నవ్వడం జరిగింది! ఆఫీసు ఉత్తరాలు రాసీ రాసీ చేతికి పట్టిన జబ్బు అది. నా జబ్బు నాకు కనిపించదు కదా.

అలాగని ఆవిడ చెప్పిందల్లా వేదం అనను. ఆవిడకి విశేషణాలంటే గిట్టదు. ఎక్కడ కనిపించినా తీసేస్తారు. ఒక కథలో ముసలివాడి పెరటిని వర్ణించిన పేరా మొత్తం ఎగిరిపోయింది. ఆ పేరా లేకపోతే చివర్లో అతను ఆ పెరడు అమ్మడం ఎవరికీ పట్టదు. నేను పక్కన "స్టెట్" అని రాశాను. అలాగే ఉండనివ్వండి అనే అర్థం వచ్చే లాటిన్ మాట అది, ప్రూఫు దిద్దేవాళ్లందరికీ తెలిసిందే. ఆ పుస్తకంలో దాన్ని నలభై సార్లు వాడాను. ఇప్పుడు చూస్తే అందులో ముప్పై మొండితనం.

రచయితకీ ఎడిటర్‌కీ మధ్య గీత ఎక్కడ అన్నది నాబోటివాళ్లకే కాదు, పెద్దవాళ్లకీ తెగని లెక్కే. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ కథలు కొన్నింటిని ఆయన ఎడిటర్ గోర్డన్ లిష్ సగానికి పైగా కోసేశాడు. 1980లో కార్వర్ పుస్తకం ఆపేయమని బతిమాలుతూ ఉత్తరం రాశాడు. అయినా 1981లో కోసిన రూపంలోనే అచ్చయింది, ఆయనకు పేరూ తెచ్చింది. 2009లో ఆ కథలు కోతకు ముందున్న రూపంలో విడిగా వచ్చాయి. ఎవరిది ఒప్పు అని నన్నడిగితే, ఫైల్లో దిద్దుబాట్లు కనిపించేలా పెట్టమని చెబుతాను. ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేయకుండా దిద్ది, శుభ్రమైన ఫైలు మాత్రమే చేతికిచ్చే సర్వీసు ఎంత చవకైనా నాకొద్దు. ఏది పోయిందో తెలియకపోతే దేనికోసం పోట్లాడాలి?

ఇక్కడే నా సొంత ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి. మొదటి నవల ఫైలు తిరిగొచ్చినప్పుడు తెర నిండా ఎర్రగీతలు. చూసి భయపడి, అన్ని దిద్దుబాట్లనూ ఒక్కసారే ఒప్పేసుకునే "యాక్సెప్ట్ ఆల్" నొక్కేశాను. ముసలమ్మ నోట "సూసినావా నాయనా" అని ఉన్నదాన్ని వాళ్లు "చూశావా నాయనా" అని దిద్దారట. ఆమె మాట్లాడిన ప్రతి ముక్కా అంతే. ప్రూఫు చేతికొచ్చాక చదివితే, చదువులేని మనిషి రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంది. పాత ఫైలు ఉంది కాబట్టి రెండు రాత్రులు కూర్చుని ఆమె యాసని ఆమెకి అప్పగించాను. ఆ హడావిడిలోనే రఘు సంగతి కంటపడలేదు.

ఇలాంటివి రాకుండా కాపాడేది స్టైల్ షీట్, అంటే పుస్తకంలో ఏది ఎలా రాయాలో ముందే తేల్చి రాసుకున్న పట్టిక. మంచి కాపీ ఎడిటర్ (భాషలో తప్పులూ పొంతనా చూసేవాళ్లు) పని మొదలుపెట్టే ముందు అడుగుతారు, లేదా తనే తయారుచేస్తారు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకి షికాగో విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ 1906లో వేసిన షికాగో మాన్యువల్ అనే రాత నియమాల పుస్తకం ఉంది. ఎప్పటికప్పుడు కొత్త కూర్పులు వస్తాయి, తగువొస్తే అది తెరిచి చూపిస్తారు. తెలుగులో అందరూ తలొంచే అలాంటి పుస్తకం ఏదీ? అయితే, ఐతే. చెయ్యి, చేయి. వెళ్ళాడు, వెళ్లాడు. మధ్యాన్నం, మధ్యాహ్నం. వీటిలో చాలావరకు రెండూ ఒప్పే. కానీ ఒకే పుస్తకంలో రెండూ ఉంటే పాఠకుడికి బియ్యంలో రాయి తగిలినట్టుంటుంది. అంకెలు అంకెల్లోనా అక్షరాల్లోనా, ఇంగ్లిష్ మాటల చివర పొల్లు ఉండాలా ఉకారం రావాలా (బస్ అనాలా, బస్సు అనాలా), "చేస్తూ ఉన్నాడు" అని విడదీయాలా కలపాలా, ఇవన్నీ ఒక కాగితం మీద ముందే తేలిపోవాలి. నా స్టైల్ షీట్ మొదట అర పేజీ. ఇప్పుడు ఆరు పేజీలు. మొదటి వరుస ఏమిటో చెప్పక్కర్లేదు: సంభాషణల్లో యాస ముట్టుకోవద్దు.

వ్యాసాల పుస్తకానికీ రెండో నవలకీ కాపీ ఎడిటింగ్ చేసినాయన మాటలు చాలా తక్కువ. కానీ ఆయన కన్ను పడితే తప్పు తప్పించుకోదు. నవల 64వ పేజీ పక్కన ఇలా రాశారు: "41లో అమావాస్య. ఇక్కడికి మూడు రోజులే అయింది. ఈ నిండు వెన్నెల ఎక్కడిది?" ఆ వెన్నెల మీద నేను పేజీన్నర రాసుకున్నాను. వెన్నెల పోతే ఆ సన్నివేశమే పోతుంది. చివరికి 41వ పేజీలోని అమావాస్యనే కదిపి, చీకటికి మబ్బులు తెచ్చుకున్నాను. ఇలాంటి పట్టికలు ఆయన దగ్గర ఉంటాయి: ఎవరి వయసు ఏ పేజీలో ఎంత, ఎవరు ఎవర్ని ఏమని పిలిచారు, ఏ రోజు ఏ వారం. 9వ పేజీలో పిన్ని అన్న మనిషిని 140లో అత్తయ్య అనిపించానని పట్టుకున్నదీ ఆయనే.

అన్నిటికన్నా నా చేతి చమురు ఎక్కువ వదిలింది వరుస తప్పడం వల్ల. రెండో నవలకి ముందు కాపీ ఎడిటింగ్ చేయించి, ఎందుకో అనుమానం వచ్చి, ఆ తర్వాత నిర్మాణం చూసే ఎడిటర్‌కి ఇచ్చాను. డెవలప్‌మెంటల్ ఎడిటింగ్ అంటారు దాన్ని. వాక్యాల జోలికి పోరు. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఎవరి కళ్లతో చెప్పాలి, ఏ అధ్యాయం ఎందుకుంది, ఇదే వాళ్ల పని. ఆవిడ నుంచి వచ్చింది దిద్దిన ఫైలు కాదు, తొమ్మిది పేజీల ఉత్తరం. సారాంశం: నవల నాలుగో అధ్యాయంలో మొదలవుతోంది, ముందు మూడూ మీకోసం రాసుకున్నవి. రెండు రోజులు ఆ ఉత్తరం ముఖం చూడలేదు. మూడో రోజు ఆ మూడు అధ్యాయాలూ తీసేశాను. అంటే వాటిలో కామాలు సరిచేయించడానికి అంతకుముందే కట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. ఇల్లు కూల్చాలో ఉంచాలో తేలకముందే సున్నం కొట్టించాను.

ప్రూఫ్ రీడింగ్ మీద ఎక్కువ చెప్పను. పేజీలు కట్టాక చేయాల్సిన పని, ముందు కాదు. నేను వర్డ్ ఫైల్లోనే ప్రూఫు చూపించేసి నిశ్చింతగా ఉంటే, లేఔట్‌లో కొత్త తప్పులు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు మనం టైపు చేసే యూనికోడ్ నుంచి అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చినప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోతే తెలుగు ఒత్తులు విడివడి పక్కన నిలబడతాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. అది జారిపోతే వకారం ఒత్తుగా మారి ముందున్న అక్షరం కిందకి చేరిపోతుంది. ఇవేవీ ముందు ఫైల్లో ఉండవు, అక్కడ ఎంత వెతికినా దొరకవు.

యంత్రాలతో దిద్దేవాళ్ల సంగతీ చెప్పాలి. "వెళ్ళిపోతున్నప్పుడల్లా" అన్నది మనకి ఒక్క మాట. ఇలా ప్రత్యయాలు తగిలిస్తూ పోతే మాటలకి అంతుండదు కాబట్టి మామూలు స్పెల్ చెకర్ సగం పేజీని ఎర్రగా గీస్తుంది. ఈమధ్య ఒకచోట నమూనా పేజీలిస్తే గంటన్నరలో తిరిగొచ్చాయి. తప్పులు లేవు. కానీ నా తాగుబోతు పాత్ర, అతని కూతురు, కథ చెప్పేవాడు ముగ్గురూ ఒకే మర్యాదస్తుడిలా మాట్లాడుతున్నారు. పక్కన ప్రశ్నలు సున్నా. మొదటి సంస్థ గుర్తొచ్చింది. అప్పటినుంచి ఒప్పందంలో రెండు మాటలు రాయించుకుంటున్నాను: రాతప్రతి నన్నడగకుండా ఏ కృత్రిమ మేధ సాధనంలోనూ పెట్టకూడదు, బయట ఎవరికీ చూపించకూడదు.

మీరూ ఎవరికైనా ఇవ్వబోతుంటే, నమూనాకి మొదటి అధ్యాయం పంపకండి. దాన్ని మీరు ఇప్పటికే యాభైసార్లు రుద్దుంటారు, ఎడిటర్‌కి చేతినిండా పని ఉండదు. మధ్యలో మీకే నమ్మకం లేని ఐదు పేజీలు పంపండి. ఆ ఐదు పేజీలనే ఇద్దరు ముగ్గురికి పంపితే తేడా తెలుస్తుంది. ఎన్ని విడతలు చూస్తారో, మీరు మార్చిన భాగాన్ని మళ్లీ చదువుతారో లేదో అడగండి. చాలా గొడవలు అక్కడే. లెక్క మాటల మీదా పేజీల మీదా అన్నదీ తేల్చుకోండి. ఇంగ్లిష్ ఎడిటింగ్‌లో 250 మాటలు ఒక పేజీ కింద కడతారు. మనం నాలుగు మాటలు అతికించి ఒకటి చేస్తాం కాబట్టి తెలుగులో 250 మాటలంటే పని అంతకన్నా ఎక్కువ. ఈ సంగతి తెలిసిన ఎడిటర్ ముందే చెబుతారు, తెలియనివాళ్లు మధ్యలో నొచ్చుకుంటారు.

గడువుల విషయంలో మాత్రం ఈ ఎనిమిదేళ్లలో ఎవరికీ పూర్తి మార్కులు వేయలేను. మూడు వారాలన్నది ఐదవుతుంది. 60,000 మాటల నవలకి కాపీ ఎడిటర్ తీసుకున్నది ఏడు వారాలు. ఆలస్యమైనందుకు బాధ లేదు. చెప్పకుండా ఆలస్యం చేయడమే చిరాకు.

ఇవాళ మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే, చేతిలో డబ్బు ఒక్క పనికే సరిపోతుందంటే, నేను నిర్మాణం చూసే ఎడిటర్‌కే ఇస్తాను. అక్షరదోషాలు పట్టేందుకు ఓపికున్న స్నేహితులు దొరుకుతారు. మూడు అధ్యాయాలు తీసేయమని మొహం మీద చెప్పే స్నేహితులు నాకైతే లేరు.

కొత్త నవల ఇప్పుడు ఆవిడ దగ్గరికే వెళ్లింది. ఈసారి ఉత్తరం నాలుగు పేజీలే. ఒక ప్రశ్న కింద మాత్రం గీత గీశారు: "ఇతను ఇరవై ఏళ్ల తర్వాత ఎందుకు తిరిగొచ్చాడు? తల్లి కోసం అన్నది మీరు చెబుతున్న కారణం. అతని కారణం ఏమిటి?" ఫైలు పదకొండు రోజులుగా నా దగ్గరే ఉంది.