డాన్స్ నేర్పిస్తామంటే కుక్కని ఫామ్‌లో వదిలి రాకండి

నిన్న సాయంత్రం మా కుక్క జున్నుని ఇంటికి తెచ్చుకున్నాం. ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. ముప్పై రోజుల బోర్డింగ్ (కుక్కని వాళ్ళ దగ్గరే ఉంచుకుని డాన్స్ నేర్పడం), 42,000 రూపాయలు, "మీరు స్టెప్పేస్తే మీతో పాటే స్టెప్పేస్తుంది మేడం" అని మాట. ఊరి బయట ఫామ్, పచ్చగడ్డి, పెద్ద స్పీకరు, వెనకకాళ్ళ మీద గుండ్రంగా తిరిగే లాబ్ (లాబ్రడార్). రీల్స్ చూసేవాళ్ళకి ఎవరి సంగతో అర్థమయ్యే ఉంటుంది. పేరు రాయను.

మిగతా డబ్బు కట్టాకే కుక్కని బయటికి తెచ్చారు. ట్రైనర్ పాట పెట్టాడు. లీష్‌ని, అంటే మెడ బెల్టుకి కట్టే తాడుని, ఎడమచేతికి రెండు చుట్లు చుట్టుకుని మోచెయ్యి పైకెత్తాడు. జున్ను లేచి నిలబడింది. పక్కన ఇంకో కుక్క కోసం వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టేవాళ్ళు చూసేది కుక్క కాళ్ళని. చూడాల్సింది లీష్‌ని. అది దారం కట్టి లాగినట్టు నిటారుగా ఉంది, బెల్టు చెవుల వెనక్కి ఎక్కి గొంతు కింద బిగుసుకుపోయింది. ముందరికాళ్ళు కిందకి దించితే ఊపిరాడదు కాబట్టి అది నిలబడింది. పాటతో దానికి సంబంధమే లేదు.

లీష్ విప్పి చేయించమన్నాను. విప్పాడు. అదే పాట, చెయ్యి అదే ఎత్తు. జున్ను చెవులు వెనక్కి పడేసింది, మూతి నాక్కుంది, ఆవలించింది, పక్కకి తిరిగి నేల వాసన చూడడం మొదలుపెట్టింది. ఇవన్నీ వరసగా వచ్చాయంటే కుక్క మొండికేసిందని కాదు, హడలిపోయిందని. అప్పుడతను అన్న మాట నా చెవుల్లోంచి పోవట్లేదు: "నిన్నటి దాకా బ్రహ్మాండంగా చేసింది మేడం. మీ మొహం కనపడేసరికి గారాలు పోతోంది. ఇంటికెళ్ళాక రెండు తగిలించండి, అన్నీ గుర్తొస్తాయి."

కార్లో బెల్టు తీసి మెడ కింద బొచ్చు విడదీశాను. రెండు వరసల్లో, వేలెడు దూరంలో, చిన్న చిన్న చెక్కులు కట్టిన పుండ్లు. ముళ్ళ బెల్టు. ముప్పై రోజులు వీడియోలు పంపారు, ఒక్కదాంట్లో కూడా మెడ కనపడలేదు. మొత్తం నడుం కిందనుంచే తీశారు. అప్పుడే అనుమానపడాల్సింది. పడలేదు, ఆ తప్పు నాదే.

ఇంకో తప్పు ఇంతకన్నా పెద్దది. జున్నుకి హీల్ (మన మోకాలి పక్కనే నడవడం), స్పిన్ (గుండ్రంగా తిరగడం) నేర్పినదాన్ని నేను. ఇది అప్పగించి చేయించుకునే పని కాదని నాకు తెలుసు. కుక్క పాట విని డాన్స్ చేయదు. మన భుజం ఎటు తిరిగింది, ఏ కాలు ముందు పడింది, చెయ్యి ఎంత ఎత్తులో ఉంది, ఇవి చూసి చేస్తుంది. సైగలన్నీ నేర్పిన మనిషి ఒంటికి అతుక్కుని ఉంటాయి. నిజంగా బాగా నేర్పినా ఆ ఫామ్‌లో అతనితోనే చేస్తుంది, మన హాల్లో మనతో మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాల్సిందే. "మా దగ్గర కుక్క తాళం పట్టుకుంటుంది" అన్నవాణ్ణి ఆ ఒక్క మాటతోనే వదిలేసి రావాల్సింది.

తాళం పట్టుకోవాల్సింది మనం. కుక్క జోరుగా నడిచేటప్పుడు, అంటే ట్రాట్‌లో, ఒక ముందరికాలు నేల తాకడం 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. జున్నుకి 15 సెకన్లలో 30 వస్తుంది, అంటే నిమిషానికి 120. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్ అని తాళం వేసే యాప్) పెట్టుకుని ఆ వేగం పాటే వెతుక్కోవాలి. తీన్మార్ దరువు పెట్టి లాగితే అది పరుగులోకి పోతుంది, మన మోకాలి పక్కనుంచి జారిపోతుంది. పాట కుక్క నడకకి కుదిరితే చూసేవాళ్ళకి కుక్కే తాళం వేస్తున్నట్టు ఉంటుంది. ఈ ఆటలో పెద్ద కిటుకు ఇదే.

వీళ్ళ రీల్స్‌లో మొదట పెట్టే క్లిప్ పడ్సీది, 2012లో బ్రిటన్ టీవీ పోటీ గెలిచిన కుక్క. అది వెనకకాళ్ళ మీద నడిచింది నిజమే. కానీ అది తేలికపాటి చిన్న కుక్క. జున్ను లాంటి 14 నెలల, 28 కిలోల లాబ్‌కి అదే చేయిస్తే బరువంతా తుంటి కీళ్ళ మీద పడుతుంది. లాబ్‌లకి తుంటి జబ్బు అసలే ఎక్కువ. పెద్ద జాతులకి ఏడాదిన్నర దాకా ఎముకలు గట్టిపడవు, ఎక్స్‌రే చూడకుండా నిలబెట్టకూడదు. పాటకి కుక్కతో స్టెప్పులేయించడం నిన్న మొన్న పుట్టుకొచ్చిన వింతేమీ కాదు: బ్రిటన్ ట్రైనర్ మేరీ రే 1990ల మొదట్లోనే అక్కడి పెద్ద కుక్కల ప్రదర్శన క్రఫ్ట్స్ షోలో పాటకి హీల్ నడక చేసి చూపించింది, 2005 నుంచి అక్కడ పోటీలే పెడుతున్నారు. ఆ రింగ్‌లో కుక్కకి లీష్ ఉండదు.

అసలు నేర్పే తీరు ఎంత మెత్తనిదో తెలిసినందుకే ఎక్కువ మండుతోంది. వెనకకాళ్ళ మీద ధ్యాస రావడానికి వంటింటి పీట చాలు, నాలుగంగుళాల ఎత్తుది. జారకుండా పైన గోనెపట్టా బిగించి ముందరికాళ్ళు ఎక్కించాలి, మనం పక్కకి అడుగేస్తే అది వెనకభాగం తిప్పుతుంది, తిప్పగానే చికెన్ ముక్క ఇవ్వాలి. కాళ్ళ మధ్యనుంచి దూరే స్టెప్పుకి కుడికాలు ముందుకేసి, శెనగగింజంత చికెన్ ముక్క మోకాలి కింద పట్టుకుని లోపలినుంచి బయటికి తీసుకురావాలి. చెయ్యి పైకి పోతే కుక్క కూర్చుంటుంది, అందుకే కిందే ఉండాలి. ఐదారుసార్లు తిండితో, తర్వాత అదే సైగ ఖాళీ చేత్తో, ముక్క రెండో చేత్తో ఇవ్వాలి. ఈ మార్పు వెంటనే చేయకపోతే జీవితాంతం చికెన్ చూస్తేనే కదులుతుంది. సైగ కుదిరాక మాట, మాట కుదిరాక మనం వంగకుండా నిటారుగా నిలబడడం. వెనక్కి నడిపించడానికి సోఫాకీ గోడకీ మధ్య సందు, ఒక్కో అడుగుకి ఒక్కో ముక్క.

ఒక్కో విడత మూడు నిమిషాలు, పది పన్నెండు ముక్కలు. ఆ ముక్కలు రోజు తిండిలోంచే తగ్గించాలి. టైల్స్ మీద వద్దు, యోగా మ్యాట్ వేయాలి. మన ఎండలకి పొద్దున ఏడులోపే. స్టెప్పులు కలిపేటప్పుడు చివరి స్టెప్పునుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి, అప్పుడు కుక్క ఎప్పుడూ బాగా వచ్చినదాని వైపే పోతుంది. పాట అన్నిటికంటే ఆఖర్న, తక్కువ సౌండ్‌లో. ముప్పై రోజుల్లో విడివిడిగా నాలుగైదు స్టెప్పులొస్తే అదే గొప్ప. రెండు నిమిషాల పాట మొత్తం కుదరడానికి నెలలు పడుతుంది. ఎవరైనా తొందరగా ఇస్తామంటే ఆ తొందర కుక్క మెడ మీదే పడుతుంది.

కంప్లైంట్ ఇవ్వమంటున్నారు. వెట్ దగ్గర గాయాలు రాయించాను, ఫొటోలు తీశాను, ఇస్తాను. 1960 నాటి జంతుహింస చట్టం సెక్షన్ 11లో మొదటిసారి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. 42,000 తీసుకున్నవాడికి యాభై రూపాయలు!

మీరు మాత్రం క్లాసుకి ఇంత అని మీ కళ్ళ ముందు నేర్పేవాళ్ళకే డబ్బివ్వండి. డెమో లీష్ లేకుండా అడగండి. బోర్డింగ్ తప్పకపోతే వదిలేముందు, తీసుకునేటప్పుడు బొచ్చు విడదీసి మెడ ఫొటో తీయండి, బాకీ తర్వాతే కట్టండి.

జున్నుకి ఇప్పుడు మెడకి ఏమీ లేదు, ఛాతీకి హార్నెస్ వేశాం. పొద్దున పీట వేసి ముక్క చూపించాను. చెయ్యి లేవగానే కడుపు నేలకి ఆనించి పడుకుంది. అందుకని ముక్క చేత్తో ఇవ్వట్లేదు, పీట పక్కన నేల మీద పెట్టి నేను రెండడుగులు వెనక్కి జరుగుతున్నాను. నాలుగోసారికి వచ్చి తింది.