అసండర్: లినక్స్‌లో పాత సీడీలు ఎక్కించుకోడానికి మంచి సాఫ్ట్‌వేర్

మా పర్లాకిమిడిలో తెలుగోళ్ళ ఇళ్ళల్లో త్యాగరాజ కీర్తనలు, హరికథలు, పాత సినిమా పాటల సీడీలు ఇంకా చాలానే ఉన్నాయి, ప్లేయర్లే పాడైపోయాయి. అవి పోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, దయచేసి.

నాది లినక్స్ మింట్ (విండోస్ లాంటిదే, ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్), కొత్త లాప్‌టాప్‌లకి డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించా. అసండర్ ఫ్రీ, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుద్ది, తెరిస్తే ఒక్కటే విండో, సీడీ పెట్టి రిప్ (పాటలు ఎక్కించే బటన్) నొక్కడమే. ఒకేసారి ఫ్లాక్, ఎంపీ3 రెండు రకాల ఫైళ్ళూ చేసిపెడతాది, ఇది నాకు భలే నచ్చింది, ఎందుకంటే ఫ్లాక్‌లో సౌండ్ ఏమాత్రం తగ్గదు, దాచుకోడానికి అది, ఫోన్‌కి ఎంపీ3. సీడీలో పాట నిమిషానికి సుమారు 10 ఎంబీ, ఫ్లాక్ చేస్తే దాదాపు సగానికి వస్తాది.

గీతలు పడ్డ సీడీలకి ఎర్రర్ కరెక్షన్ ఆన్‌లోనే ఉంచండి, చదవలేని చోట మళ్ళీ మళ్ళీ చదువుద్ది, చాలా లేటవుద్ది గానీ టిక్ టిక్ శబ్దాలు తగ్గుతాయి. తొందరపడి ఆపేయకండి.

మన తెలుగు సీడీలకి పాటల పేర్లు నెట్‌లో చాలావరకు దొరకవు, చేత్తో టైప్ చేసుకోవాలి. తెలుగు లిపిలోనే కొట్టొచ్చు, ఒక్కో పాటకి వేరే గాయకుడి పేరు కూడా ఇవ్వొచ్చు. కవర్ బొమ్మ మాత్రం తేదు, అక్యురేట్‌రిప్ చెకింగ్ (మనం ఎక్కించింది సరిగ్గా వచ్చిందో లేదో అదే సీడీ ఎక్కించిన వేరేవాళ్ళ ఫలితాలతో పోల్చి చూడడం) లేదు, అది కావాలంటే విప్పర్ వాడండి, కమాండ్లు కొట్టాలి మరి. ఇంట్లో పెద్దోళ్ళకి అసండరే సులువు.