కార్బన్ క్రెడిట్ కొనాలా, మేడ మీద సోలార్ పెట్టాలా?

ఖర్చు: ఒక క్రెడిట్ అంటే మనం వదిలిన దానికి బదులుగా, చెట్లు పెంచడం లాంటి ప్రాజెక్టుతో వేరేచోట ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గించినట్టు లెక్క. ధర ప్రాజెక్టును బట్టి ఉంటుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. సోలార్‌కు ముందే పెద్ద మొత్తం పెట్టాలి. కాకపోతే 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటిపై 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి. బొగ్గు కరెంటే ఎక్కువున్న మన గ్రిడ్‌లో అది ఏడాదికి దాదాపు 3 టన్నులు తగ్గించినట్టు.

శ్రమ: క్రెడిట్ ఫోన్‌లోనే కొనేయొచ్చు. సోలార్‌కు నెట్ మీటర్ (గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటు, తీసుకున్న కరెంటు లెక్కేసేది) బిగించేదాకా ఆగాలి. ఆ తర్వాత దుమ్ము! రోడ్డు పక్క ఇల్లైతే వేసవిలో ఎండెక్కకముందే పైపు పట్టుకుని మేడెక్కాలి, లేదంటే యాప్‌లో కరెంటు ఉత్పత్తి గీత కిందికి జారుతుంది.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. క్రెడిట్ వెనకున్న చెట్లు కాలిపోవచ్చు. ఎవరూ నరకబోని అడవినే కాపాడామని లెక్క రాసి ఉండొచ్చు. క్రెడిట్ల లెక్క నమోదు చేసే వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి రిజిస్ట్రీలో మన క్రెడిట్ సీరియల్ నంబరు మన కోసం రద్దయిందో లేదో, అంటే వాడేసినట్టు రాశారో లేదో చూసుకోవాలి. రద్దు కాని క్రెడిట్‌ను మళ్లీ ఇంకొకరికి అమ్మేయొచ్చు. సోలార్‌లో పాడయ్యేది ఎక్కువగా ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరే. మార్చుకుంటే సరి.

సొంత మేడ, షెడ్డు, రైస్‌మిల్లు ఉన్నవాళ్లు సోలార్‌కే వెళ్లండి. అద్దె ఫ్లాట్‌లో ఉంటూ ఏటా అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చేవాళ్లకు, ఆ విమాన ప్రయాణాల కార్బన్‌కు క్రెడిటే దారి. లారీలు తిప్పే కంపెనీ అయితే ముందు డీజిల్ తగ్గించి, మిగిలినదానికే క్రెడిట్లు కొనాలి.